ర్యాంకు అడగని చోట ఏం అడుగుతారు?

మా పక్క ఫ్లాట్ అబ్బాయికి ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. పేరు ఈఏపీసెట్‌గా మారినా జనం నోట్లో అది ఇంకా ఎంసెట్టే. మూడు గంటలు, 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. అలాంటివాడు అమెరికా కాలేజీల కోసం, చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్ తెరిచి, 650 పదాలు మించకుండా తన గురించి రాయమన్న చోట ఆగిపోయాడు. వారం నుంచి స్క్రీన్ మీద ఒకటే వాక్యం: "ఐ యామ్ ఏ హార్డ్‌వర్కింగ్ స్టూడెంట్."

"ర్యాంకు చెప్తే సరిపోదా అంకుల్?" అన్నాడు.

ఇక్కడ సరిపోతుంది. దాని వెనక పాత అపనమ్మకం ఉంది. డొనేషన్లు కట్టించుకుని సీట్లిచ్చే రోజుల్లో, 1983లో ఉమ్మడి రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. 1986లో ఎంసెట్ మొదలైంది. ఎవరి సిఫారసూ పనిచేయని ఒక అంకె కావాలనుకున్నారు, వచ్చింది. ఇంటర్ మార్కులకు చాలాకాలం ఉన్న 25 శాతం వెయిటేజీని కూడా తెలంగాణ 2023లో తీసేసింది.

అయితే ర్యాంకు ఒక్కటే అనుకోవడం మన భ్రమ. ముల్కీ (స్థానికత) గొడవల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకం, 1974 రాష్ట్రపతి ఉత్తర్వులతో 85 శాతం సీట్లు స్థానికులవి అయ్యాయి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు పోగేసి కౌన్సెలింగ్‌కు పరుగెత్తిన ప్రతి ఇంటికీ ఆ సంగతి తెలుసు.

అమెరికా కథ మరీ చిత్రం. 1920ల మొదట్లో హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు ఐదోవంతుకు చేరారు. వాళ్లను 15 శాతానికి కట్టడి చేయాలని 1922లో అప్పటి హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ ప్రయత్నించాడు. బాహాటంగా కుదరలేదు. 1926కల్లా "వ్యక్తిత్వం", ఫొటో లాంటివి కొలమానాల్లోకి వచ్చాయి. సరిగ్గా అదే ఏడాది కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్ష మొదలైంది. మొత్తం మనిషిని చూస్తాం అని ఇప్పుడు గొప్పగా చెప్పుకునే పద్ధతి కొందరిని బయట ఉంచడానికి పుట్టిందంటే మావాడు నమ్మలేదు. తర్వాత అదే పద్ధతి వెనకబడినవాళ్లను లోపలికి తేవడానికీ పనికొచ్చింది. జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని 2023లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది.

మనకు దగ్గరగా అనిపించేది చైనా. సాంస్కృతిక విప్లవంలో ఆగిపోయిన కాలేజీ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్ 1977 చలికాలంలో మళ్లీ పెడితే 57 లక్షల మంది రాశారు. సీటు దక్కింది నూటికి ఐదుగురికి కూడా కాదు. అక్కడా ఏ ప్రావిన్స్‌వాడివన్నది చూస్తారు.

జర్మనీ మాత్రం బడిని నమ్ముతుంది. బడి చదువు చివర రాసే అబిట్యూర్ పాసైతే యూనివర్సిటీలో అడుగుపెట్టే హక్కున్నట్టే, మెడిసిన్ లాంటి కోర్సులకే కటాఫ్. మన ఇంటర్‌ను దాంతో సమానంగా చూడరు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హతో, ఇక్కడ ఏడాది డిగ్రీ చదువో చూపించాలి. 2022 నవంబర్ నుంచి మన చదువు పత్రాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి.

ఇంతా విని మావాడు మౌనంగా వెళ్లిపోయాడు. నిన్న చూస్తే ఆ వాక్యం చెరిపేశాడు. ఆరో తరగతి స్టడీ సర్టిఫికెట్ కోసం మూతపడ్డ తన పాత బడి రికార్డులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ, నాన్న బండి వెనక కూర్చుని రెండు రోజులు తిరిగిన సంగతి రాస్తున్నాడు. ఇప్పటికి 212 పదాలయ్యాయట.