కీమో మొదలై ఏడాదైంది, ఇంకా నీరసమేంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో క్యాన్సర్ కీమో వార్డు నర్సుని నేను. పొద్దున్నే కావలి, ఉదయగిరి, పొదలకూరు బస్సులు దిగి, ఫైలు చంకన పెట్టుకొని వచ్చేవాళ్ళు మందు ఎక్కినంతసేపూ చెప్పుకొనే మాటల్లోవి ఇవి. రొమ్ము క్యాన్సర్‌కి పోయినేడు ఇదే రోజుల్లో మొదటి డోసు వేయించుకున్న ఒకక్క మొన్న చెకప్‌కి వచ్చింది. ఆమె భయాల్లో సగం ఇరుగుపొరుగు పెట్టినవే.

అపోహ: ముక్క తీసి పరీక్షకి పంపితే జబ్బు ఒళ్ళంతా పాకుద్ది.

పాకదు. అది ఏ రకమో తేలకుండా డాక్టరు మందు ఎంచలేరు. ఈ మాట నమ్మి ఆకు పసర్లు తాగి, గడ్డ పగిలాక వచ్చినవాళ్ళున్నారు. అన్నట్టు, ఆకంటే మాకు చిన్నచూపేం లేదు. బ్లడ్ క్యాన్సర్‌కి వాడే వింక్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరులోంచి వచ్చిందే. కాకపోతే ఆకులో అది ఉండేది లేశమే. వేరు చేసి, శుద్ధి చేసి, మనిషి ఎత్తూ బరువూ లెక్కగట్టి మిల్లీగ్రాముల్లో ఎక్కిస్తాం. పసరు గ్లాసులో ఎంతుందో ఎవరు కొలిచారు?

అపోహ: చేప, గుడ్డు మానెయ్యాలి.

నెల్లూరోళ్ళని చేపల పులుసు మానమంటే అంతకన్నా శిక్షేముంది! బాగా ఉడికినవైతే తినాల్సిందే, ఒంటికి మాంసకృత్తులు కావాలి. నోరు పూసినప్పుడు కారం, పులుపు తగ్గించండి. మానాల్సింది రోడ్డు పక్క చెరకు రసం, కోసిపెట్టిన పండ్ల ముక్కలు.

అపోహ: ఎర్ర మందు ఎక్కాక మూత్రంలో రక్తం పడుద్ది.

రక్తం కాదు, మందు రంగు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

అపోహ: కీమోలో జ్వరం మామూలే, మాత్రేసుకుంటే తగ్గుద్ది.

నన్నడిగితే అన్నింట్లోకీ ప్రమాదమైన మాట ఇదే. మందు ఎక్కిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరిందంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి రావాలి. ఈ అక్కకి రెండో డోసు తర్వాత పదో రోజు రాత్రి జ్వరమొచ్చింది. "పొద్దున బస్సుకి పోదాంలే" అన్నాడంట వాళ్ళాయన. కూతురు వినకుండా కారు మాట్లాడి తెచ్చింది. ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాలు మైక్రోలీటరు రక్తంలో ఐదొందలు కూడా లేవు. వారం రోజులు యాంటీబయాటిక్ సూదులు పడ్డాయి. జ్వరం మాత్ర ఒళ్ళు చల్లబరుస్తుంది గానీ లోపలి ఇన్ఫెక్షన్‌ని ఆపదు, పైగా దాచేస్తుంది. నుదుటి మీద చెయ్యిపెట్టి చూడటం కాదు, థర్మామీటరు కొనుక్కోండి.

అపోహ: ఏడాదైందిగా, ఇంక అంతా మామూలే.

కీమో, ఆపరేషన్, కరెంటు పెట్టడం (రేడియేషన్) అన్నీ అయ్యాయి. జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది. దాంతో ఇంట్లో "ఇంకా పడుకోనుండావేంది" అని మొదలైంది. ఆ నీరసం నిజం. కీమో ఆగాక నెలల తరబడి ఉంటుంది, కొందరికి ఇంకా ఎక్కువ. రక్తం తక్కువుందా, థైరాయిడ్ ఉందా చూపించుకొని, రోజూ కాస్త నడవాలి. పడుకునే కొద్దీ అది పెరుగుతుంది. ప్యాక్లిటాక్సెల్ అనే కీమో మందు వల్ల అరికాళ్ళలో, వేళ్ళలో తిమ్మిర్లు. ఈమె జాకెట్టు హుక్కులు పెట్టుకోలేదు, చెప్పు జారిపోయినా తెలీదు. పొయ్యి మీద పాలు మర్చిపోతున్నానంటే "వయసక్కా" అని కొట్టిపారేశాను. తప్పు నాదే. కీమో తర్వాత అలాంటి మతిమరుపు కొందరికి వస్తుంది.

మందులూ పూర్తిగా అయిపోలేదు. హార్మోన్లతో పెరిగే రకమైతే టామాక్సిఫెన్ లాంటి మాత్ర కనీసం ఐదేళ్ళు. హెర్2 అనే ప్రోటీను ఎక్కువున్న రకానికి మూడు వారాలకో సూది ఏడాది పాటు, మధ్యమధ్యలో గుండెకి ఎకో స్కాన్. బాగానే ఉన్నానని ఆ మాత్ర మానేసేవాళ్ళే నన్ను ఎక్కువ భయపెడతారు.

పోయినేడు రొట్టెల పండక్కి ఈమెని జనంలోకి పోవద్దన్నాం. కోరిక తీరినోళ్ళు చెరువులో దిగి రొట్టె వదులుతారు, అదే కోరికున్నోళ్ళు పట్టుకుంటారు, తీరాక వాళ్ళూ వదలాలి. తోడికోడలు బారాషహీద్ దర్గాకి పోయి, స్వర్ణాల చెరువులో దిగి ఈమె కోసం ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చింది. ఈ ఏడు తిరిగి వదలాల్సింది ఈమే. "నీళ్ళలో దిగొచ్చా సిస్టరమ్మా?" అనడిగింది. దిగొచ్చు, కానీ పాదాల్లో స్పర్శ లేదు, రాయి కోసుకున్నా తెలీదు, రబ్బరు చెప్పులేసుకొమ్మన్నాను.

"చెప్పులతో ఆ చెరువులోకా!" అని నోటి మీద చెయ్యేసుకుంది. "ఘాట్ మెట్టు మీదే నిలబడి వదుల్తాలే."