వంశావళి దాటేసి చదివితే పోయేదేమీ లేదా?

ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్లుగా బైబిలు స్టడీ నడుపుతున్నాను. తరతరాలుగా దేవుడు చూపిన నమ్మకత్వం గురించి మాట్లాడినప్పుడల్లా ఎదురయ్యే మాటలివి.

అపోహ: మత్తయి మొదటి అధ్యాయంలోని యేసు వంశావళి వట్టి పేర్లు, దాటేయొచ్చు.

వాస్తవం: నేను ఎక్కువసేపు ఆగేది అక్కడే. రాహాబు యెరికోలో వేశ్య. రూతు మోయాబు నుంచి వచ్చిన విధవరాలు. ఇద్దరూ యేసు వంశంలో ఉన్నారు. ఇక రాజులను చూడండి. ఆహాజు దుష్టుడు, కొడుకు హిజ్కియా భక్తిపరుడు, అతని కొడుకు మనష్షే మళ్లీ విగ్రహాల వెంట పోయాడు, మనష్షే మనవడు యోషీయా దేవుని వైపు తిరిగాడు. మనుషులు ఇన్నిసార్లు తప్పినా, నీ వంశం నిలుస్తుందని దావీదుకిచ్చిన మాట దేవుడు తప్పలేదు. ఆ పేర్లు దాటేస్తే ఇది కనపడదు.

మన ఊరి సంగతే చూడండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అమెరికన్ బాప్తిస్టు మిషనరీలు జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు మోకరించారు. ఆ ముగ్గురిలో ఒకామె పేరు కూడా రూతే. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మధ్యలో ఇరవై నాలుగేళ్లు! కొండ మీద చేసిన ప్రార్థన వృథా అయిందని ఆ మధ్యలో ఎవరైనా అనుకుని ఉండొచ్చు.

అపోహ: తాతల పాపమే మా కష్టాలకు కారణం, తరాల శాపం తెంచే ప్రార్థన చేయించాలి.

ఇది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. బిడ్డకు జబ్బు చేసిన తల్లితో ఇలా అంటే ఆమె ఎంత టెన్షన్ పడుతుందో కళ్లారా చూశాను. నిర్గమకాండము 20:5లో "మూడు నాలుగు తరముల వరకు" అన్నచోటే ఆగిపోతారు. తర్వాతి వచనంలోనే "వెయ్యితరముల" కరుణ ఉంది. తండ్రి దోషాన్ని కొడుకు మొయ్యడని యెహెజ్కేలు 18:20 తేటగా చెబుతోంది.

అపోహ: భక్తిగల ఇంట్లో పుడితే చాలు.

చాలదు. మోషే తర్వాత ఇశ్రాయేలును నడిపించిన యెహోషువ తరం గతించగానే యెహోవాను ఎరగని తరం లేచిందని న్యాయాధిపతులు 2:10లో ఉంది. అవ్వ లోయి, తల్లి యునీకేల విశ్వాసం తిమోతిలోనూ ఉందంటే, చిన్నప్పటి నుంచి లేఖనాలు నేర్పిన ఇల్లది.

అపోహ: "ఆయన సత్యము తరతరములుండును" (కీర్తన 100:5) అంటే అబద్ధమాడడని మాత్రమే.

వాస్తవం: కీర్తన 119:90లో "విశ్వాస్యత" అని తెలుగులోకి వచ్చిన మాట, ఇక్కడ "సత్యము" అని వచ్చిన మాట హెబ్రీలో ఒకటే: ఎమూనా. అమాలేకీయులతో యుద్ధం జరిగిన రోజున అహరోను, హూరు చెరో పక్కన పట్టుకుంటే మోషే చేతులు పొద్దుగూకేదాకా నిలుకడగా ఉన్నాయి కదా, ఆ నిలుకడకు వాడిన మాట కూడా అదే. అంటే ఇక్కడ సత్యమంటే తరతరాలకూ చలించని నమ్మకత్వం.