బ్యారేజీ బాట్ ఎందుకు మూగబోయింది: వెనకున్న కథ

బ్యారేజీ అని కొడితే ప్రకాశం బ్యారేజీ నీళ్ల అంకెలు చెప్పే బాట్ (మెసేజ్‌కి దానంతటదే జవాబిచ్చే ప్రోగ్రాం) నోరు విప్పట్లేదని మా విజయవాడ కృష్ణలంక టెలిగ్రామ్ గ్రూపులో వారం నుంచి ఒకటే గోల. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నా, కథ కొంచెం పాతది.

బాట్ ఒకటి, దానికి తగిలించే పనులు వేరే ఫైళ్లు అనే పద్ధతి టెలిగ్రామ్ కంటే చాలా ముందు నుంచే ఉంది. 1988లో ఫిన్లాండ్‌లో ఐఆర్‌సీ అనే పాతకాలం చాట్ పుట్టింది, 1993లో రోబీ పాయింటర్ అనే ఆయన దానికి ఎగ్‌డ్రాప్ అనే బాట్ రాశాడు. అసలు బాట్ సీ భాషలో, మనకి కావాల్సిన పనులు టీసీఎల్ అనే ఇంకో భాష స్క్రిప్టుల్లో (చిన్న ప్రోగ్రాం ఫైళ్లు). స్క్రిప్టు మార్చి రీహ్యాష్ అనే కమాండ్ కొడితే బాట్ చానల్లోంచి (అంటే చాట్ గదిలోంచి) దిగకుండానే కొత్తది ఎక్కించుకునేది, అప్పట్లో అది పెద్ద విషయమే, ఎందుకంటే కాపలా బాట్ కాస్త పక్కకి పోయిందంటే ఎవడో ఒకడు చానల్ కొట్టేసేవాడు. తర్వాత 2011లో గిట్‌హబ్ వాళ్ల హ్యూబాట్ అనే చాట్ బాట్ వచ్చింది, 2015 జూన్‌లో టెలిగ్రామ్ కూడా బాట్లకి తలుపు తీసింది.

మాది 2018 నాటిది. మా వీధిలో బీటెక్ చదివే తమ్ముడు పైథాన్ టెలిగ్రామ్ బాట్ అనే లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) మీద రాశాడు, ప్లగిన్ల (తగిలించే ఫైళ్ల) ఫోల్డర్ పెట్టి ఒక్కో పనికి ఒక్కో ఫైలు: మున్సిపల్ నీళ్ల టైము, కరెంటు కోత, బ్యారేజీ. వాడు ఉద్యోగానికి బెంగళూరు పోయాడు, బాట్ నా నెత్తిన పడింది. అప్పటి ప్లగిన్లలో ఫంక్షన్ బ్రాకెట్లో ముందు బాట్, తర్వాత అప్‌డేట్ (వచ్చిన మెసేజ్ వివరాలు) ఉండేవి. 2019లో ఆ లైబ్రరీ పన్నెండో వెర్షన్ ఆ వరస మార్చింది, ముందు అప్‌డేట్, తర్వాత కాంటెక్స్ట్ (బాట్ ఇప్పుడు దీని లోపల ఉంటుంది). కాకపోతే కావాలంటేనే వాడుకో అన్నారు. 2020లో పదమూడుతో అదే మామూలైపోయింది. 2023 జనవరిలో ఇరవయ్యో వెర్షన్ మొత్తం ఎసింక్ (ఒక పని కోసం ఆగేలోపు ఇంకో పని చూసుకునే పద్ధతి) చేసేసింది. నేను మాత్రం పనిచేస్తున్నదాన్ని కెలకడం ఎందుకులే అని చేతులు కట్టుకుని కూర్చున్నా.

2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతుంటే, అటు బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేస్తుంటే, గ్రూపులో రాత్రంతా బ్యారేజీ కమాండే. పాత బాట్ తట్టుకుంది. ఆ తర్వాత దాన్ని ముట్టుకోవాలంటే ఇంకా భయం.

మొన్న పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయింది. కోడ్ బ్యాకప్ ఉంది గానీ ఏ వెర్షన్ లైబ్రరీ వేయాలో ఎక్కడా రాసుకోలేదు (తప్పు నాదే), లైబ్రరీలు దించిపెట్టే పిప్ సరికొత్తది దించింది. ఇన్నేళ్ల మార్పులు ఒకేసారి మీద పడ్డాయి. బాట్ అనుకుని పట్టుకుంటే చేతికి అప్‌డేట్ వస్తోంది, దానికేమో మెసేజ్ పంపడం రాదు. వరస సరిచేశా, ఎసింక్ పెట్టా, అయినా సైలెంటే. రెండు గంటలు కొట్టుకున్నాక లాగ్ అడుగున ఒక వార్నింగ్ కనపడింది, ఎసింక్‌లో పని జరగాలంటే ఉండాల్సిన అవెయిట్ అనే మాట రిప్లై లైను ముందు పెట్టలేదు.

నీళ్లు, కరెంటు నిన్న రాత్రి లేచాయి. బ్యారేజీ ఫైల్లో అంకెలు లాగే లైన్లు కూడా పాతకాలం తరహావే, వాటిని తిరగరాస్తున్నా, ఆదివారం దాకా ఆగండి బాబాయ్.