తరగతి మూస్తే జబ్బు ఆగుతుందా? బడి పిల్లల అంటువ్యాధులు: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి సెలవుల తర్వాత బడులు తెరిచిన దగ్గర నుంచి వేసవి సెలవుల దాకా మా విజయవాడలో ఆటలమ్మ కాలం. ఈ నెలల్లో సత్యనారాయణపురంలోని నా క్లినిక్‌కు వచ్చే తల్లిదండ్రులు చాలామంది మందుచీటీ కంటే ముందు ఒక ఉత్తరం అడుగుతారు. "డాక్టర్ గారూ, పాప క్లాసులో ఇద్దరికి పోసిందట, వారం రోజులు క్లాసు మూసేయమని స్కూలుకు ఒక ముక్క రాసివ్వండి" అంటారు. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. పరీక్షలు దగ్గర పడి ఉంటాయి, ఇంట్లో చంటిబిడ్డో గర్భిణో ఉంటారు, వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఫోటో రాత్రి నిద్ర పట్టనివ్వదు. అయినా ఆ ఉత్తరం నేను రాయను. ఎందుకు రాయనో బయట జనం పెరుగుతుండగా ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం సాధ్యం కావడం లేదు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఒకరిద్దరికి ఆటలమ్మ పోయగానే వారం రోజులు తరగతి మూస్తే మిగతా పిల్లలకు రాదు.

వాస్తవం: వేళ్ళ మీద లెక్క వేసి చూడండి. ఒక పిల్లవాడికి సోమవారం పొద్దున మొదటి పొక్కు కనిపించిందనుకుందాం. పొక్కు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆ పిల్లవాడి నుంచి జబ్బు అంటుకుంటుంది. అంటే శనివారం పక్క బల్ల మీద కూర్చున్నవారికి అంటవలసింది అప్పటికే అంటుకుంది. సోమవారం ఆ పిల్లవాడు ఎలాగూ ఇంట్లోనే ఉన్నాడు. మంగళవారం నుంచి వచ్చే సోమవారం వరకు తరగతి మూశారు. ఆటలమ్మ ఇంక్యుబేషన్ కాలం, అంటే వైరస్ సోకినప్పటి నుంచి పొక్కులు కనిపించే దాకా పట్టే సమయం, 10 నుంచి 21 రోజులు కాబట్టి, శనివారం అంటుకున్నవారిలో అందరికంటే ముందు పొక్కులు కనిపించేది ఆ తర్వాతి మంగళవారం, అంటే సరిగ్గా తరగతి తిరిగి తెరిచిన రోజున. మూసిన వారంలో చివరి ఒకటి రెండు రోజులు తప్ప, మిగతా పిల్లల్లో జబ్బు అంటించగలిగే స్థితిలో ఎవరూ లేరు. అంటించగలిగేవారు తయారయ్యే వేళకు అందరూ మళ్ళీ ఒకే గదిలో చేరారు. నిజంగా మూసివేతతోనే ఆపాలంటే రెండో వారం నుంచి మూడో వారం చివరి దాకా మూయాలి, ఈలోగా మరొకరికి వస్తే అక్కడి నుంచి లెక్క మళ్ళీ మొదలుపెట్టాలి. ఫిబ్రవరిలో ఆ పని ఏ బడి చేయగలదు?

పైగా తరగతి మూసినంత మాత్రాన పిల్లలు విడివిడిగా ఉండరు. పటమటలో ఒక అపార్ట్‌మెంట్‌కు జ్వరంతో ఉన్న బిడ్డను చూడడానికి వెళ్ళినప్పుడు, బడి మూసినందుకు సంబరపడుతున్న పిల్లలంతా సెల్లార్‌లో కార్ల మధ్య క్రికెట్ ఆడుతున్నారు. సాయంత్రం కాగానే వారే రెండో అంతస్తులో ట్యూషన్‌కు వెళ్ళారు, అక్కడ వేర్వేరు బడుల పిల్లలు ఒకే చాప మీద మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. బడిలోనైతే ఒక తరగతిలో తిరిగే వైరస్‌కు సెలవు ఇచ్చి మరో మూడు బడుల దారి చూపించినట్టయింది. ఆటోనగర్ షెడ్లలో పనిచేసే తల్లిదండ్రులకు ఆ సెలవు అంటే రోజు కూలి పోవడమో, బిడ్డను వయసు మళ్ళిన అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళడమో అవుతుంది. ప్రభుత్వ బడి పిల్లలకైతే మధ్యాహ్న భోజనం కూడా పోతుంది.

హాస్టళ్ళ విషయంలో ఈ అపోహ మరింత చేటు చేస్తుంది. గూడవల్లి, నిడమానూరు, ఈడుపుగల్లు వైపు ఉన్న రెసిడెన్షియల్ కాలేజీల్లో ఆటలమ్మ వచ్చినప్పుడల్లా "పిల్లల్ని ఇళ్ళకు పంపేయండి" అనే ఒత్తిడి మొదలవుతుంది. పంపితే జరిగేదేమిటంటే, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో బస్సెక్కిన ఆ పిల్లలు ఒంట్లో పొదుగుతున్న వైరస్‌తో సహా ఒంగోలుకో శ్రీకాకుళానికో చేరి, అక్కడ పురిటికి పుట్టింటికి వచ్చిన అక్క పక్కన కూర్చుని భోజనం చేస్తారు. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకు తల్లికి పొక్కులు వస్తే పుట్టిన బిడ్డకు ప్రాణాపాయం. ఆటలమ్మ రాని, టీకా పడని గర్భిణులకు న్యుమోనియా భయం కూడా ఉంటుంది. కాబట్టి హాస్టల్‌లో చేయవలసింది పొక్కులు వచ్చినవారికి కిటికీలు, విడి బాత్రూమ్ ఉన్న గది ఒకటి కేటాయించడం, ఇంటర్ వయసు పిల్లలకు జబ్బు తీవ్రంగా వచ్చే అవకాశం ఉంది కనుక మొదటి పొక్కు కనిపించిన 24 గంటల్లో వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మందు గురించి డాక్టర్‌ను అడగడం, మిగతావారిలో ఇంతకు ముందు ఆటలమ్మ రానివారికి వీలైతే మూడు నుంచి ఐదు రోజుల్లోపు టీకా వేయించడం. ఈ టీకా ప్రభుత్వ జాతీయ టీకాల పట్టికలో లేదు, బయట కొనుక్కోవాలి. ఆ ఖర్చు అందరికీ సాధ్యం కాదని నాకు తెలుసు.

మూసివేత కోరేవారు ఆలోచించని మరో నష్టం ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది అదే. జబ్బు బయటపడితే తరగతి మూస్తారన్న భయంతో బడి యాజమాన్యాలు విషయం దాస్తాయి, తమ బిడ్డ వల్లే క్లాసు మూతపడిందన్న మాట పడలేక తల్లిదండ్రులూ దాస్తారు. నా దగ్గర కిడ్నీ జబ్బుకు ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్న ఒక బాబు ఉండేవాడు. వాడికి ఆ సమయంలో ఆటలమ్మ టీకా వేయకూడదు, జబ్బు సోకితే ఊపిరితిత్తులకూ కాలేయానికీ పాకే ప్రమాదం ఉంటుంది. తరగతిలో ఎవరికైనా పోసిందని తెలిసిన వెంటనే, ఆలస్యమైనా పది రోజుల్లోపు, ఇమ్యూనోగ్లోబులిన్ (జబ్బును ఎదుర్కొనే యాంటీబాడీల మందు) ఇవ్వవచ్చు. వాడి తండ్రి ఆ సంగతి ముందే చెప్పి, ఎవరికి వచ్చినా ఒక్క ఫోన్ చేయమని టీచరును బతిమాలి వచ్చాడు. ఆ తరగతిలో వరుసగా పిల్లలు మానేస్తున్నా బడి నోరు విప్పలేదు. "వైరల్ ఫీవర్లండి" అని సరిపెట్టింది. వాడి పొట్ట మీద పొక్కులు కనిపించాకే ఆ తండ్రికి అసలు సంగతి తెలిసింది. ఆసుపత్రిలో చేర్చి రక్తనాళం ద్వారా ఎసైక్లోవిర్ ఎక్కించాక బాబు కోలుకున్నాడు. ఐసీయూ తలుపు దగ్గర ఆ తండ్రి నన్ను అడిగింది క్లాసు ఎందుకు మూయలేదని కాదు, ఒక్క మాట ఎందుకు చెప్పలేదని.

అందుకే నేను బళ్ళకు చెప్పేది ఒకటే: మొదటి బిడ్డకు జబ్బు తెలిసిన సాయంత్రమే, ఆ బిడ్డ పేరు చెప్పకుండా, తరగతిలోని తల్లిదండ్రులందరికీ కబురు పంపండి, గర్భిణులైన టీచర్లు, ఆయాలు తమ డాక్టర్‌ను అదే రోజు సంప్రదించాలి, పక్కనున్న పట్టణ ఆరోగ్య కేంద్రంలోని ఏ.ఎన్.ఎం.కు తెలియజేయండి. మూయాలా వద్దా అన్న నిర్ణయం జిల్లా వైద్యారోగ్య శాఖ వివరాలు చూసి చేయవలసిన పని, గ్రూపులో ఓటింగ్ పెట్టి తేల్చవలసింది కాదు.

మూసివేత ఎప్పుడూ పనికిరాదని నేను అనడం లేదు. ఇన్‌ఫ్లుయెంజా ఇంక్యుబేషన్ కాలం 1 నుంచి 4 రోజులే కనుక, కొత్త రకం వైరస్ వచ్చినప్పుడు తొలి రోజుల్లోనే మూస్తే వ్యాప్తి నెమ్మదిస్తుంది. 1918 నాటి ఫ్లూ మహమ్మారిలో అమెరికాలో ముందుగా మూసిన సెయింట్ లూయిస్ నగరం, ఆలస్యం చేసిన ఫిలడెల్ఫియా కంటే తక్కువ నష్టపోయింది. అదే ఏడాది న్యూయార్క్ మాత్రం బడులు మూయలేదు; పిల్లల్లో అత్యధికులు గాలి ఆడని ఇరుకు గదుల్లో ఉంటారు, వారికి ఇంటికంటే బడే మేలు అని అక్కడి ఆరోగ్య కమిషనర్ కోప్‌లాండ్ వాదించి, రోజూ పొద్దున్నే పిల్లలను పరీక్షించే ఏర్పాటు చేశారు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు పుణెలో, 2023 సెప్టెంబరులో నిపా వచ్చినప్పుడు కోజికోడ్‌లో బడులు మూశారు. 2020 మార్చిలో కోవిడ్‌కు మనమూ మూశాం, ఎందుకంటే అది ఎవరికీ రోగనిరోధక శక్తి లేని కొత్త జబ్బు, టీకా లేదు. ఆ అనుభవం మన మనసుల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, ఇప్పుడు ఒకడు తుమ్మినా "మూసేయండి" అనడం అలవాటైంది.

మిగిలిన అపోహలకు ఇంత వివరణ అక్కరలేదు.

నీళ్ళు పోశాక బడికి పంపవచ్చని అనుకుంటారు. మూడో రోజు పోశారా, ఐదో రోజు పోశారా, వేపాకు వేశారా అన్నది ప్రమాణం కాదు. స్నానం రోజూ చేయించవచ్చు, పథ్యం అక్కరలేదు. తలలో జుట్టు పాయలు తీసి, చెవుల వెనుక, చంకల్లో వెలుతురులో చూడండి. నీరు పట్టి మెరుస్తున్న పొక్కు ఒక్కటి ఉన్నా ఆగాలి. అన్నీ ఎండి పెచ్చు కట్టాకే బడి. మామూలుగా అందుకు వారం లోపే పడుతుంది. జ్వరానికి ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకండి.

తట్టును ఆటలమ్మతో కలిపి చూడకండి, అది అంతకంటే వేగంగా పాకుతుంది. టీకా పడనివారు పదిమంది దగ్గరగా మెలిగితే తొమ్మిదిమందికి సోకుతుంది. దద్దురు వచ్చాక నాలుగు రోజులు ఇంట్లో ఉంచాలి, మిగతావారి ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకా కార్డులు ఆ రోజే చూడాలి, పడనివారికి 72 గంటల్లోపు వేయిస్తే జబ్బును ఆపే అవకాశం ఉంది. గవదబిళ్ళలకు వాపు మొదలైన దగ్గర నుంచి ఐదు రోజులు.

చేతులు, కాళ్ళు, నోటిలో పొక్కులు వచ్చే జబ్బును చూసి ఆటలమ్మ అని హడావుడి పడేవారు ఎల్‌కేజీ, యూకేజీ తల్లులే ఎక్కువ. అది వేరే వైరస్. జ్వరం తగ్గి, పిల్లవాడు తిని ఆడుకుంటూ, పొక్కులు రసి కారకుండా ఉంటే చాలు. మలంలో ఆ వైరస్ వారాల తరబడి పోతూనే ఉంటుంది కనుక అది పూర్తిగా పోయేదాకా ఆపడం జరిగే పని కాదు. సబ్బుతో చేతులు కడిగించడమే దారి.

కండ్లకలక వచ్చినవారి కళ్ళలోకి చూస్తే అంటుకోదు. చేతులు, తువ్వాళ్ళు, దిండు గలీబులే దాన్ని మోసుకుపోతాయి.

డెంగీ వచ్చిందని తరగతి మూయమనడం నాకు అన్నిటికంటే చిత్రంగా తోస్తుంది. డెంగీ పిల్లవాడి నుంచి పక్క పిల్లవాడికి నేరుగా అంటదు, పగటిపూట కుట్టే ఏడిస్ దోమ మోయాలి. బడి వెనుక పాత టైర్లు, మూత లేని ట్యాంకు, పూలకుండీల కింది పళ్ళేలు అలాగే ఉంచి గదికి తాళం వేస్తే దోమలకు ప్రశాంతత తప్ప మరేమీ దక్కదు. కామెర్లు, విరేచనాలు వరుసగా వస్తున్నా అంతే, చూడవలసింది నీళ్ళ వైపు. 2018 మార్చిలో గుంటూరులో విరేచనాలు ప్రబలినప్పుడు కలుషితమైన తాగునీరే కారణమైంది. అటువంటప్పుడు బడి కుళాయి కట్టేసి, నీటిని పరీక్షకు పంపి, ట్యాంకు కడిగించాలి.

చివరగా, పొద్దున్నే పారాసెటమాల్ సిరప్ పోసి బడికి పంపడం. మందు పని చేసే నాలుగైదు గంటలు జ్వరం కనిపించదు, మధ్యాహ్నానికి క్లాసులో మూలుగుతూ ఉంటాడు. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉంటేనే పంపాలి. దీనికి తల్లిదండ్రులను ఒక్కరినే తప్పు పట్టలేను. నూరు శాతం హాజరుకు వేదిక మీద బహుమతి ఇచ్చే బళ్ళు, ఒక్క రోజు మానితే స్లిప్ టెస్టులో సున్నా వేసే బళ్ళు మన ఊళ్ళో కొల్లలు. జబ్బు చేసిన రోజులను హాజరు లెక్క నుంచి తప్పించి, పోయిన పరీక్షను మళ్ళీ పెట్టడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు, ప్రిన్సిపాల్ సంతకం చాలు.