సైకిల్ పంపు ఎందుకు కాలుతుంది?

దసరాకు డల్లాస్ నుంచి వచ్చిన పాత శిష్యుడొకడు మా ఇంటికొచ్చి, టీ గ్లాసు పట్టుకోకముందే ఫోన్ తీశాడు. వాడి దగ్గర 2018 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు ఉంది. అయిదు లీటర్ల వి8 పెట్రోల్ ఇంజన్, 395 హార్స్ పవర్. అది చాలదట, ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసే సూపర్‌చార్జర్ వేయించాలట. అందులో మూడు రకాలు. "రూట్సా, స్క్రూనా, సెంట్రిఫ్యూగలా? ఏది తీస్కోమంటరు సార్?" అన్నాడు. పక్కన వాళ్ళ నాయిన. ఆయనది బొలెరో ట్రాలీ. కాపు మీద బత్తాయి నింపుకొని చిట్యాల, చౌటుప్పల్ మీదుగా బాటసింగారం మార్కెట్‌కు తోలుతాడు. "సారూ, గది మన ట్రాలీకి గూడ ఎక్కుతదా?" అని ఆయన ప్రశ్న.

ఇద్దరికీ ఒకటే జవాబు. అది నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నేను చిన్నప్పుడు కూర్చున్న సైకిల్ దుకాణంలో ఉంది. నాలుగు స్ట్రోకుల సంగతి మళ్ళీ చెప్పను, ఆ పాఠం ముప్పై ఏళ్ళు చెప్పి విసిగిపోయాను.

ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా కాలాలంటే దాదాపు పదకొండు కిలోల గాలి కావాలి. అంటే తొమ్మిది వేల లీటర్లు! పెట్రోల్ ఎక్కువ పోయడం ఇంజెక్టర్‌కు చిటికెలో పని. కరువంతా గాలికే. పైగా మన దగ్గర గాలి పలచన. సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల చల్లదనంలో ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. దాదాపు 500 మీటర్ల ఎత్తున్న మహబూబ్‌నగర్‌లో, మే నెల 45 డిగ్రీల ఎండలో, అదే గాలి 1.05 కిలోలకు మించదు. నూటికి పదిహేను పాళ్ళు ఎండకూ ఎత్తుకూ పోయినట్టే.

అందుకే గాలిని బలవంతంగా తోయాలి. కొలిమి దగ్గర తిత్తి ఊదేది ఇందుకే కదా. సూపర్‌చార్జర్ పుట్టుక కూడా కొలిమి దగ్గరే. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంట్ తీసుకున్న బ్లోయర్ ఇనుము కరిగించే కొలుములకు గాలి ఊదింది. అప్పటికి మోటారు కారే లేదు. ఈ తిత్తిని ఇంజన్ మీద కూర్చోబెట్టి, క్రాంక్‌షాఫ్ట్ నుంచి బెల్టు వేసి తిప్పితే అదే సూపర్‌చార్జర్. బెల్టుకు బదులు పొగ వేగంతో చక్రం తిప్పితే టర్బో.

ఇప్పుడు పంపు దగ్గరికి వద్దాం. ఆ దుకాణంలో నా పని గాలి కొట్టడం. పది కొట్లు కొట్టాక పంపు అడుగు భాగం ముట్టుకుంటే చురుక్కుమనేది. "లోపల వాచరు రాసుకుంటది పిల్లగా, గందుకే" అనేవాడు దుకాణం ఆయన. తర్వాత పీజీ చేసిన లెక్చరర్లు కూడా ఘర్షణ అనే చెప్పారు. మీరే పరీక్షించండి. పంపు గొట్టం దేనికీ తగిలించకుండా వదిలేసి ఇరవై కొట్లు కొట్టండి. వాచరు అంతే రాసుకుంటుంది, పంపు మాత్రం ఏదో గోరువెచ్చగా ఉంటుంది. ఇప్పుడు గొట్టం మూతిని బొటనవేలితో మూసి కొట్టండి. వేలు తీసేస్తారు!

ఘర్షణకు ఇందులో కొద్ది వాటానే. గాలి అంటే అటూ ఇటూ దూసుకుపోయే అణువుల గుంపు. నిలబడిన గోడకు తగిలిన అణువు ఎంత వేగంతో వచ్చిందో అంత వేగంతోనే వెనక్కి పోతుంది. ఎదురొస్తున్న పిస్టన్‌కు తగిలితే, ముందుకు ఊపిన బ్యాటుకు తగిలిన బంతిలా ఇంకా వేగంగా పోతుంది. అణువుల వేగానికే మనం వేడి అని పేరు పెట్టుకున్నాం. పిస్టన్ వెనక్కి జరుగుతుంటే దీనికి తిరగేసి జరుగుతుంది: మెత్తగా పట్టిన క్యాచ్‌లా అణువు నెమ్మదిస్తుంది, గాలి చల్లబడుతుంది. ట్యూబు పిన్ను నొక్కి గాలి తీసేటప్పుడు వేలికి చల్లగా తగిలేది అందుకే.

బాయిల్ నియమం అడిగితే పిల్లలు పీడనం, ఘనపరిమాణం గడగడా చెప్పేస్తారు. ముందున్న "స్థిర ఉష్ణోగ్రత వద్ద" అనే మూడు మాటలు మింగేస్తారు. నేను అర మార్కు కోసేవాడిని. ఆ అర మార్కులోనే సూపర్‌చార్జర్ కథంతా ఉంది.

లెక్క వేద్దాం, కొంచెం ఓర్చుకోండి. బయట 40 డిగ్రీలు, కెల్విన్‌లో 313. గాలి పీడనాన్ని ఒకటిన్నర రెట్లు చేశాం. నష్టమే లేని యంత్రమైతే 313ను 1.5 యొక్క 0.286 ఘాతంతో హెచ్చించాలి. 351 వస్తుంది, పెరిగింది 38 డిగ్రీలు. నష్టం లేని యంత్రం ఎక్కడుంది? పాతరకం రూట్స్ బ్లోయర్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే పెరిగేది 64, గాలి వేడి 104 డిగ్రీలు. నీళ్ళు మరిగే వేడి దాటింది! వేడెక్కిన గాలి మళ్ళీ పలచబడుతుంది కాబట్టి పీడనం యాభై శాతం పెరిగినా సిలిండర్‌లోకి చేరే గాలి పెరిగింది పాతిక శాతమే. మధ్యలో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెట్టి దాన్ని 60 డిగ్రీలకు దించితే అదే పాతిక నలభై ఒకటి అవుతుంది. బ్లోయర్ మారలేదు, బెల్టు మారలేదు.

అసలు ప్రమాదం ఇంకా ముందుంది. వాడి ఇంజన్ కంప్రెషన్ రేషియో 12. సిలిండర్‌లో గాలి మళ్ళీ పన్నెండో వంతుకు నలుగుతుంది, అక్కడా పంపు సూత్రమే. స్థూలంగా లెక్కేస్తే 40 డిగ్రీలతో లోపలికి వెళ్ళిన గాలి పైకొచ్చేసరికి 440 అవుతుంది, 104తో వెళ్ళింది 580 దాటుతుంది. మొదట్లో 64 డిగ్రీల బాకీ, చివరికి వడ్డీతో 145. ప్లగ్గు అంటించిన మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. టంగ్ టంగ్ మని ఇనుము కొట్టినట్టు చప్పుడు. దాన్నే నాకింగ్ అంటారు. ముదిరితే పిస్టన్ రింగుల గట్లు విరుగుతాయి. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ దీన్ని కొంతవరకు ఆపుతుంది. అక్కడి బంకుల్లో 87 ఆక్టేన్ అని రాసిందీ మన కొలతలో 91 అనేదీ దాదాపు ఒకటే, కొలిచే పద్ధతి వేరు. వాడు అక్కడి కొలతలో 93 పోయించక తప్పదు.

నాయిన ట్రాలీ డీజిల్. అందులో స్పార్క్ ప్లగ్గే లేదు. ఒట్టి గాలిని నొక్కి, ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే అంటుకుంటుంది. కొడుకు బండి భయపడే వేడే నాయిన బండికి అన్నం. అందుకే ఆయన బండికి టర్బో కంపెనీ నుంచే వచ్చింది, ఇంకోటి ఎక్కించే పని లేదు. పైగా కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది.

పోయినేడు ఆయనే "ట్రాలీ గుంజుతలేదు సారూ, నల్ల పొగ కక్కుతుంది, ఎవనిదో దిష్టి" అని నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టించాడు. తర్వాత మెకానిక్ బానెట్ ఎత్తి ఎక్సలేటర్ తొక్కమంటే బుస్సుమంది. టర్బో నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు హోస్‌కు అడుగున వేలెడు చీలిక. గాలి అక్కడ పోతోంది, డీజిల్ మాత్రం మామూలుగానే పడుతోంది. కాలని మిగులంతా నల్ల పొగ. ఆ హోస్ చీలికను నేను విప్పి చూశాను, లోపలి నూలు పోగులు నూనెతో నానిపోయి ఉన్నాయి. నిమ్మకాయకు నేనేం విరోధిని కాను, కానీ అది హోస్ కిందికి చూడదు.

ఇక ఎంపిక. రూట్స్ బ్లోయర్ గాలిని తనలో నొక్కదు, గుప్పిళ్ళతో మోసుకెళ్ళి అవతల పడేస్తుంది. అవతల ముందే ఒత్తిడితో ఉన్న గాలి, కిక్కిరిసిన బస్సు తలుపు తీస్తే జనం తోసుకొచ్చినట్టు, ఎదురు తిరిగి లోపలికి దూకుతుంది. ఆ గందరగోళమే అదనపు వేడి. మెలితిప్పిన రోటర్లున్న కొత్త రూట్స్‌లలో, మాగ్నసన్ వాళ్ళు వాడే ఈటన్ రకంలో, ఇది బాగా తగ్గింది. విప్పుల్ వాళ్ళది స్క్రూ. రెండు మరల మధ్య సందు ఇరుకవుతూ పోయి గాలి లోపలే నలుగుతుంది, వేడి తక్కువ. ప్రోచార్జర్, వోర్టెక్ సెంట్రిఫ్యూగల్. అది మన బాయి మోటారు పంపే. తిరిగే వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంజన్ అరిచినప్పుడే బలం, నెమ్మదిగా పోయేటప్పుడు ఏమీ ఉండదు. వీడు వారాంతం వెనకాల పడవ కట్టుకొని లాగుతాడు. బరువు లాగేవాడికి కింది నుంచే బలం కావాలి కాబట్టి స్క్రూ గానీ కొత్త రూట్స్ గానీ. ఆ రెండింట్లో ఏదన్నది ఇంటర్‌కూలర్ రేడియేటర్ ఏ కిట్‌లో పెద్దదో చూసి తేల్చుకొమ్మన్నాను. బరువుతో గంటసేపు ఎండలో ఎక్కే బండికి పెట్టె మీద రాసిన హార్స్ పవర్ కంటే అది ముఖ్యం.

బిగించడం గురించి మూడే మాటలు చెప్పాను. సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ ఊడదీయగానే ఇంజన్ తల మీద ఎనిమిది రంధ్రాలు నోళ్ళు తెరుచుకొని ఉంటాయి, ఒక్క నట్టు జారి పడినా ఇంజన్ మళ్ళీ విప్పాల్సిందే. గుడ్డలు కుక్కి, ఎన్ని కుక్కావో కాగితం మీద రాసుకో. బెల్టు మీద పాతిక హార్స్ పవర్ పైనే పోతుంది, బిగువు తగ్గితే జారి కాలుతుంది. కిట్‌తో వచ్చే ట్యూన్, అంటే ఇంజన్ కంప్యూటర్‌కు కొత్త లెక్కలు, ఎక్కించకుండా తాళం తిప్పకు. ఇంజెక్టర్లు పెద్దవయ్యాయన్న సంగతి కంప్యూటర్‌కు తెలియదు.

నాలుగోది నాకు తట్టలేదు. ఇంటర్‌కూలర్‌కు విడిగా నీళ్ళ దారి, చిన్న కరెంటు పంపు ఉంటాయని వాడు చెబుతుంటే నాయిన మధ్యలో అందుకున్నాడు: "మరి గా పైపులల్ల గాలి పడితె? బాయి మోటర్ తిరుగుతనే ఉంటది, నీళ్ళు రావు."

పోయిన ఆదివారం డల్లాస్ నుంచి వీడియో వచ్చింది. చిన్న ట్యాంకు మూత తీసి ఉంది, పంపు గుయ్యిమంటోంది, నీళ్ళు కదలడం లేదు. వాడు బండి ముందు భాగం జాకీతో ఎత్తాడు. గుడగుడమని బుడగలు వచ్చాయి, నీళ్ళు ఒక్కసారి కిందికి దిగి తిరగడం మొదలుపెట్టాయి. వెనకాల వాడి గొంతు: "నాయినకు గూడ పెట్టిన సార్."