టెక్సస్‌లో స్కూల్ బోర్డుకు పోటీ: మనవాళ్లలో ఉన్న అపోహలు - వాస్తవాలు

డాలస్ శివార్లలో స్కూల్ బోర్డుకు, అంటే స్థానిక ప్రభుత్వ బడుల పాలన చూసే ఎన్నికైన మండలికి, పోటీ చేసేవారికి ప్రచార కోశాధికారిగా పనిచేస్తున్నాను. విరాళాల లెక్క రాయడం, గడువులోగా నివేదికలు దాఖలు చేయడం నా పని. ఏటా జనవరి వచ్చేసరికి తెలుగువారి నుంచి ఫోన్లు మొదలవుతాయి. పోటీ చేయాలన్న ఉత్సాహం చాలామందిలో ఉంటుంది, దానితోపాటు కొన్ని అపోహలూ ఉంటాయి. ఇక్కడ చెబుతున్నవి టెక్సస్ సంగతులు. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో ఉన్నవారు తమ రాష్ట్ర నిబంధనలు విడిగా చూసుకోవాలి.

అపోహ: పార్టీ టికెట్ కావాలి, డిపాజిట్ కట్టాలి.

రెండూ అక్కర్లేదు. బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు, దరఖాస్తుకు రుసుము లేదు. అమెరికా పౌరసత్వం, 18 ఏళ్ల వయసు, ఓటరుగా నమోదు, రాష్ట్రంలో ఏడాది, ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ (బోర్డు కింద ఉన్న బడుల ప్రాంతం) పరిధిలో 6 నెలల నివాసం ముఖ్యమైన అర్హతలు. మే ఎన్నికలకు జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా దరఖాస్తులు తీసుకుంటారు. కొన్ని డిస్ట్రిక్టులు నవంబరులో ఎన్నిక జరుపుతాయి. పోటీయే లేకపోతే ఎన్నికను రద్దుచేసి, దరఖాస్తు పెట్టిన ఒక్కరినే ఎన్నికైనట్లు ప్రకటించవచ్చు. పిల్లల చదువు గురించి రాత్రింబవళ్లు మాట్లాడుకునే మనం ఉన్నచోట కూడా సీట్లు ఇలా ఓటు పడకుండానే నిండిపోతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అపోహ: జీతం బాగుంటుంది.

జీతమే లేదు.

అపోహ: మనవాళ్లు ఎవరు డబ్బిచ్చినా తీసుకోవచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు అమెరికాలో ఏ ఎన్నికకూ విరాళం ఇవ్వకూడదు. ఫెడరల్ చట్టంలోని ఈ నిషేధం స్కూల్ బోర్డు దాకా వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు. వీసా మీద ఉన్న స్నేహితులు ప్రతిఫలం తీసుకోకుండా కరపత్రాలు పంచవచ్చు, బోర్డులు పాతవచ్చు. డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న నిర్ణయాల్లో మాత్రం వారు తలదూర్చకూడదు. చెక్కు చేతికి వచ్చినప్పుడు వీసా సంగతి అడగడం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగాల్సిందే.

కార్పొరేషన్‌గా నమోదైన వ్యాపార సంస్థ నుంచి అభ్యర్థికి విరాళం టెక్సస్‌లో నేరం. డబ్బు రూపంలోనే ఇవ్వాలని లేదు, వస్తువులైనా అంతే. ప్రచారం మొదలుపెట్టే రోజున హోటల్ నడిపే మిత్రుడొకరు ప్రేమకొద్దీ నాలుగు ట్రేల బిర్యానీ పంపుతారు. బిల్లు అక్కర్లేదంటారు. ఆ హోటల్ కార్పొరేషన్‌గా నమోదై ఉంటే అది కార్పొరేట్ విరాళమే. అందుకే బిల్లు అడిగి తీసుకుని, మామూలు ధర ప్రచార ఖాతాలోంచి చెల్లించి, రసీదు దాచుకుంటాను. నగదు విషయానికొస్తే, ఒక నివేదిక కాలంలో ఒకరి నుంచి మొత్తం 100 డాలర్లకు మించి తీసుకోకూడదు. వీటన్నిటికంటే ముందు కోశాధికారి నియామక పత్రం డిస్ట్రిక్ట్ కార్యాలయంలో ఇవ్వాలి. అది ఇవ్వకుండా ఒక్క డాలరు తీసుకోకూడదు, సొంత డబ్బుతో సైతం ప్రచార బోర్డు కొట్టించకూడదు. కోశాధికారి దొరకకపోతే అభ్యర్థి తననే నియమించుకోవచ్చు.

తెలుగు సంఘాల మద్దతు గురించి కూడా అడుగుతారు. పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక, సేవా సంస్థగా నమోదైన సంఘం ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీదికి పిలిచి ఒకేలా ప్రశ్నలడగవచ్చు. ఉగాది సభలో ఒక్కరికే శాలువా కప్పి "మనవాణ్ణి గెలిపిద్దాం" అనడం సంఘానికే చేటు.

అపోహ: ఇంతమంది ఉన్నాం, ఓట్లకు కొదవేమిటి?

జనాభా వేరు, ఓటర్లు వేరు. వీసా మీద ఉన్నవారినీ గ్రీన్ కార్డు వాళ్లనూ తీసేస్తే మిగిలేది కొద్దిమంది. వారిలోనూ పౌరసత్వ ప్రమాణం చేసి వచ్చి ఓటరుగా నమోదు కానివారు ఎందరో. టెక్సస్‌లో కొత్తగా నమోదయ్యేవారు మామూలుగా కాగితం మీద సంతకం చేసి పంపాల్సిందే. అదీ పోలింగుకు 30 రోజుల ముందే. అధ్యక్ష ఎన్నికకు వరుసలో నిలబడ్డవారే బోర్డు ఎన్నిక జరిగే మే నెల శనివారం నాడు పిల్లల క్రికెట్ కోచింగ్‌కు వెళ్లిపోతారు.

మే నెలలో తప్పకుండా వచ్చేది విశ్రాంత జీవులు. ఒకసారి అభ్యర్థితో కలిసి ఒక ఇంటి తలుపు తట్టాను. తీసింది డెబ్బై దాటిన ఒక తెల్లజాతి పెద్దావిడ. పిల్లలు ఎప్పుడో చదువులు ముగించి వెళ్లిపోయారట. "మా వీధి చివరి బడి మూసేస్తారా?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. మన అభ్యర్థి దగ్గర గణిత ఒలింపియాడ్ గురించి చక్కని ప్రణాళిక ఉంది, ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. పిల్లల సంఖ్య తగ్గుతోందని పక్కనే ఉన్న ప్లానో డిస్ట్రిక్ట్ 2024లో 4 బడులు మూసేయాలని తీర్మానించింది. మనవాళ్ల ఓట్లు పునాదే, కానీ ఆ పెద్దావిడ ఓటు కూడా పడితేనే సీటు దక్కుతుంది. మన యాస ఇందుకు అడ్డం కాదు. డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, కొప్పెల్ బోర్డుల్లో భారతీయ మూలాలున్నవారు ఇప్పటికే కూర్చున్నారు.

అపోహ: పోలింగు కేంద్రం గుమ్మం దగ్గర తెలుగులో నాలుగు మాటలు చెబితే తప్పులేదు.

గుమ్మానికి 100 అడుగుల లోపల ఏ భాషలోనూ ప్రచారం చేయకూడదు. అభ్యర్థి పేరున్న టీషర్టు కూడా కుదరదు.

అపోహ: బోర్డులోకి వెళితే సిలబస్ మార్చవచ్చు, టీచరును మార్పించవచ్చు.

ఏ తరగతిలో ఏమి నేర్పాలన్న ప్రమాణాలు నిర్ణయించేది 15 మంది సభ్యుల రాష్ట్ర విద్యా మండలి. టీచర్ల రోజువారీ వ్యవహారం డిస్ట్రిక్ట్ ప్రధాన పాలనాధికారి అయిన సూపరింటెండెంట్ కింద నడుస్తుంది. బోర్డు చేతిలో ఉన్నవి ఆ సూపరింటెండెంట్ నియామకం, బడ్జెట్, పన్ను రేటు, విధానాలు. అవి చిన్నవేమీ కావు. అయితే ఒక్క ట్రస్టీకి, అంటే బోర్డు సభ్యుడికి, విడిగా ఏ అధికారమూ లేదు. ముందుగా ప్రకటించిన సమావేశంలో మెజారిటీ ఓటుతోనే ఏదైనా జరుగుతుంది. ట్రస్టీలంతా వాట్సాప్ గ్రూపులో చర్చించి ఒక మాట మీదికి రావడం బహిరంగ సమావేశాల చట్టానికి విరుద్ధం. "మా అమ్మాయికి ఆ సెక్షన్ ఇప్పించండి" అని అడిగే బంధుమిత్రులకు ఈ సంగతి ఎన్నికకు ముందే చెప్పేయాలని అభ్యర్థులకు పట్టుబట్టి చెబుతాను.

అపోహ: ఇళ్ల పన్ను ఇంత కడుతున్నాం, బడులకు డబ్బు లోటేమిటి?

విద్యార్థికి ఇంత అని రాష్ట్రం నిర్ణయించే మూల కేటాయింపు 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2025లో 55 డాలర్లు పెంచారు. పైగా ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు స్థానిక పన్నులో కొంత రాష్ట్రానికి అప్పగించాలి. 1993 నుంచి ఉన్న ఈ పద్ధతిని 'రాబిన్ హుడ్' అంటారు. బాండ్ల ద్వారా తెచ్చిన డబ్బు భవనాలకు, బస్సులకు వాడవచ్చు గానీ జీతాలకు వాడకూడదు. ఇంకో సంగతి: నిధులు వచ్చేది పేర్లు నమోదైన పిల్లల సంఖ్యను బట్టి కాదు, సగటు హాజరును బట్టి. డిసెంబరు సెలవులకు ఇండియా వెళ్లి సంక్రాంతి చూసుకుని వస్తే, ఆ రోజుల మేరకు మన బడికే నిధి తగ్గుతుంది.

అపోహ: దరఖాస్తు పెట్టాక ప్రచారం మొదలుపెడితే సరిపోతుంది.

కనీసం ఏడాది ముందు నుంచి బోర్డు సమావేశాలకు వెళ్లండి. బడ్జెట్ పత్రం చదవండి. తల్లిదండ్రులను తీసుకునే ప్రణాళికా కమిటీలు ప్రతి బడిలోనూ ఉంటాయి, వాటిలో చేరండి. అజెండాలోని అంశంపై మాట్లాడదలచిన వారికి బోర్డు అవకాశం ఇచ్చి తీరాలని 2019లో చట్టం వచ్చింది. ముందుగా పేరు ఇస్తే చాలు. ఇందుకు పౌరసత్వం అడగరు, కనుక వీసా మీద ఉన్న తల్లిదండ్రులు కూడా వచ్చే సమావేశంలోనే మాట్లాడవచ్చు.