పాలీఇమైడ్లు, లిక్విడ్ క్రిస్టల్స్: రంగులు కనిపిస్తే సరిపోదు

హైదరాబాద్‌లో పాలిమర్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పాలీఇమైడ్ అంటే వేడిని బాగా తట్టుకునే ఒక పాలిమర్ ప్లాస్టిక్; లిక్విడ్ క్రిస్టల్ అంటే ద్రవంలా పారుతూనే అణువులు ఒక వరుసలో ఉండే దశ. పాలీఇమైడ్‌ని లిక్విడ్ క్రిస్టల్‌గా చేయడం గురించి కొత్తగా చేరిన పీహెచ్‌డీ పిల్లల దగ్గర మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: పాలీఇమైడ్ కరగదు, ఇక లిక్విడ్ క్రిస్టల్ ఎలా అవుతుంది?

ఇది కాప్టాన్ అనే పాలీఇమైడ్ ఫిల్మ్‌ను చూసి అనేమాట. పీఎండీఏ, ఓడీఏ అనే రెండు రసాయనాలతో చేసే ఆ ఫిల్మ్ నిజంగానే కరగదు, బాగా వేడిచేస్తే మాడుతుందంతే. కానీ పాలిమర్ గొలుసులో బిగుసుకున్న ఇమైడ్ ముక్కల మధ్య ఆల్కైల్, ఆక్సీఇథిలీన్, సిలోక్సేన్ లాంటి మెత్తని ముక్కలు పెడితే కరిగే ఉష్ణోగ్రత దిగివస్తుంది. ఎస్టర్ బంధాలు కూడా కలిపి చేసిన పాలీఎస్టర్ఇమైడ్లలో అణువులు పొరలుపొరలుగా సర్దుకునే స్మెక్టిక్ దశ చాలాసార్లు కనిపిస్తుంది. మెత్తని ముక్క మరీ పొడవైతే మాత్రం, ఏ వేడిని తట్టుకోవాలని పాలీఇమైడ్ ఎంచుకున్నామో ఆ గుణమే తగ్గిపోతుంది.

అపోహ: ఎల్‌సీడీ తెరలో ఉండే పాలీఇమైడే లిక్విడ్ క్రిస్టల్.

కాదు. అది గాజు మీద పలచటి పూత. దాన్ని వెల్వెట్ లాంటి గుడ్డతో ఒకే దిశలో రుద్దితే, పైనుండే ద్రవ స్ఫటిక అణువులు ఆ దిశలో వరుసకడతాయి.

అపోహ: పాలీఇమైడ్‌కి ముడి రసాయనాలైన డయామైన్, డయాన్‌హైడ్రైడ్ కలిపేస్తే సింథసిస్ అయిపోయినట్టే.

జూలైలో ముసురు పట్టిన రోజున చేసి చూడండి. డయాన్‌హైడ్రైడ్ తేమ పీలిస్తే యాసిడ్‌గా మారుతుంది, లెక్క తప్పుతుంది, గొలుసులు పొట్టిగా మిగిలిపోతాయి. ఈ రెండూ కలిస్తే ముందు వచ్చేది పాలీఅమిక్ యాసిడ్, దాన్ని వేడిచేస్తే నీరు వదిలి ఇమైడ్ వలయాలు మూసుకుంటాయి. సరిగ్గా కుదిరిన పాలీఅమిక్ యాసిడ్ గరిటెకు తీగపాకంలా సాగుతుంది, నీళ్లలా జారితే ఆ బ్యాచ్‌ని నమ్మకండి. గొలుసు పొడవు మారితే దశ మారే ఉష్ణోగ్రత కూడా మారుతుంది, అందుకే ఒకే పాలిమర్‌కి రెండు బ్యాచ్‌ల్లో రెండు రకాల ఫలితాలొచ్చి పిల్లలు టెన్షన్ పడతారు.

అపోహ: పోలరైజింగ్ మైక్రోస్కోప్‌లో రంగులు కనిపిస్తే లిక్విడ్ క్రిస్టలే.

నేనూ మొదట్లో ఇదే నమ్మాను. స్లైడ్ మీద నీలం, నారింజ రంగులు చూసి ఎగిరి గంతేస్తే, సీనియర్ అక్క వచ్చి "కవర్‌స్లిప్‌ని సూదితో నొక్కు" అంది. నొక్కాను. ఏమీ కదల్లేదు. మామూలు స్ఫటికం కూడా రంగులు చూపిస్తుంది, ఒత్తిడి మిగిలిన ఫిల్మ్ కూడా చూపిస్తుంది; లిక్విడ్ క్రిస్టల్ అయితే నొక్కినప్పుడు రంగులతోపాటే పారాలి. ఆ శాంపిల్‌ని వేడిచేస్తూ అది పీల్చే, వదిలే వేడిని కొలిచే డీఎస్‌సీలో మొదటి వేడికి కనిపించిన పీక్‌ని నేను దశ మార్పు అని రాసుకున్నాను. తీరా వేడిచేస్తూ బరువు కొలిచే టీజీఏలో అదే ఉష్ణోగ్రత దగ్గర బరువు తగ్గింది. అంటే ఇమైడ్ వలయాలు పూర్తిగా మూసుకోలేదు, అవి మూసుకుంటూ వదిలిన నీటి పీక్ అది. దశ మారితే బరువు తగ్గదు కదా!

అందుకే ముందు ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్‌లో ఇమైడ్ పూర్తయిందో లేదో చూసుకుని, డీఎస్‌సీలో రెండో వేడి గ్రాఫ్‌నే లెక్కలోకి తీసుకోండి, ఆ ఉష్ణోగ్రత దగ్గరే అణువుల అమరిక చూపే ఎక్స్‌రే తీయించండి. చల్లార్చేటప్పుడు మాత్రమే కనిపించే దశలూ ఉంటాయి, కాబట్టి హీటర్ ఆపేశాక కూడా ఐపీస్ మీంచి కన్ను తీయకండి.